జడ్జి ప్రూయిట్ చదవని కాగితం

ఫెడరల్ జడ్జి ఉద్యోగం ఒకసారి వచ్చిందంటే ప్రాణం ఉన్నంతకాలం పోదు. తీసేసే మొనగాడు లేడు, జీతం కోసే మొనగాడు లేడు, ఎవరినీ ఓటు అడుక్కోవలసిన పని లేదు. అధ్యక్షుడంతటివాడి ఉత్తర్వును పొద్దున కొట్టేసి మధ్యాహ్నం తీరిగ్గా సూపు తాగవచ్చు. అలాంటి దొరలకి కూడా ఏడాదికి రెండుసార్లు చెమటలు పడతాయి. మార్చి ఆఖరున ఒకసారి, సెప్టెంబరు ఆఖరున ఒకసారి. ఆరు నెలలు దాటినా తేల్చకుండా అట్టిపెట్టుకున్న దరఖాస్తులు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో, జడ్జి పేరు పెట్టి మరీ జాబితా అచ్చు వేసి దేశానికంతా చూపిస్తారు. దండన లేదు, జరిమానా లేదు. పేరు పడుతుంది, అంతే. పరువే ఆస్తిగా బతికేవాళ్ళకి అది చాలు.

నది ఒడ్డున హార్లన్ ఫెర్రీ అనే ఊళ్ళో, కింద పోస్టాఫీసూ పైన కోర్టూ ఉన్న రాతి భవనంలో జడ్జి థియోడోరా ప్రూయిట్ ఇరవై మూడేళ్ళుగా తీర్పులు చెబుతోంది. ఆ జాబితాలో ఆమె పేరు ఒక్కసారి కూడా పడలేదు. తండ్రి రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర పనిచేసినవాడు. నిమిషం తేడా వస్తే రెండు రైళ్ళు గుద్దుకుంటాయని అన్నం ముందు ప్రార్థనలా రోజూ చెప్పేవాడు. ఆ మాట తలకెక్కించుకుని ఆమె లా చదివింది, ఆ జిల్లాలో మొదటి ఆడ ప్రాసిక్యూటరయింది, నలభై మూడో ఏట జడ్జి అయింది. అయిన నాటి నుంచీ లాయర్ల చేత మూడు చెరువుల నీళ్ళు తాగిస్తూనే ఉంది. ఒకాయన నాలుగు నిమిషాలు ఆలస్యంగా కాగితాలు దాఖలు చేస్తే, ఆయన క్లయింటు కేసు మొత్తం కొట్టేసింది. ఆ క్లయింటు భర్త పోయిన మనిషి. "గడువు పెట్టింది దాటడానికి కాదు" అని ఆ రోజు ఆమె అన్న మాట బార్ అసోసియేషన్ విందుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వినేవాళ్ళు నవ్వుతారు. ఆ భర్త పోయినావిడ విందులకు రాదు కదా.

అదే వరండాలో అవతలి గది జడ్జి ఎల్డన్ స్టౌట్‌ది. ఆ భవనంలో జడ్జీలు వాళ్ళిద్దరే. ఆయన పేరు పడని జాబితా లేదు. పదిహేడు, ఇరవై, ఒక ఏడాది ముప్ఫై. డబ్బాలో సార్డీన్ చేపలు, ఉప్పు బిస్కెట్లు బల్ల మీద పెట్టుకుని ప్రతి కాగితం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడు. ఒక పుట్టినరోజుకి ప్రూయిట్ ఆయన పేరున్న జాబితాకి ఫ్రేము కట్టించి బహుమతిగా పంపింది. వరండా అంతా నెల రోజులు నవ్వుకుంది.

ఆ సంవత్సరం అక్టోబరులో ఆమెకు అరవై ఆరు నిండాయి. పని తగ్గించుకుంటానని ప్రకటించింది. ఇక ఆనవాయితీ ప్రకారం ఆమె నిలువెత్తు బొమ్మ గీయించి కోర్టు హాల్లో పెట్టాలి. ఆమె దగ్గర ఏడాదీ రెండేళ్ళూ క్లర్కులుగా పనిచేసి, ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీల్లో లాయర్లయిన వాళ్ళందరూ చందాలు వేసుకున్నారు. బొమ్మ చెక్కపెట్టెలో వచ్చి వరండాలో గోడకి ఆనించి ఉంది. ఆవిష్కరణ శుక్రవారం. ఊరి పేపరు రెండు వారాల ముందు ఆదివారమే సగం పేజీ కేటాయించి, "ఇరవై మూడేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం ఎరగని న్యాయమూర్తి" అని రాసింది. ఆమె సెక్రటరీ ఓపల్ దాన్ని కత్తిరించి తన బల్ల అద్దం కింద పెట్టింది.

సోమవారం పొద్దున ఓపల్ ఉత్తరాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఓపల్‌కి డెబ్భై ఏళ్ళు. జడ్జి ఎదుట నోరు విప్పగలిగిన మనిషి ఆ భవనంలో ఆమె ఒక్కతే.

"అన్నీ అభినందనలేనండీ, ఒక్కటి తప్ప. అది గ్రీన్ రిడ్జ్ జైలు నుంచి. చించి పారేద్దామనుకున్నా, కానీ మా పాస్టరు గారు నిన్ననే ఖైదీల గురించి ప్రసంగించారు. ఇవ్వకపోతే పాపం నాకు చుట్టుకుంటుంది."

"పాపం నాకు చుట్టాలని తెచ్చావన్నమాట."

"మీకైతే అలవాటే కదండీ," అంటూ ఓపల్ వెళ్ళిపోయింది.

ఉత్తరం పెన్సిలుతో రాసి ఉంది.

"జడ్జి ప్రూయిట్ గారికి. మా లైబ్రరీలో పేపర్లో మీ ఫొటో చూశాను. మీ బొమ్మ గోడకెక్కుతోందట. మీరు ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదని రాశారు. నేను తొమ్మిది రోజులు ఆలస్యం చేశానని 2005లో మీరు రాశారు. నేను చెయ్యలేదు. నా శిక్ష మీద పెట్టుకున్న అర్జీలో నలభై ఒకటో పేజీ చూడండి. అది అప్పుడూ అక్కడే ఉంది. ముందున్న నలభై పేజీలు చదవమని అడగటం లేదు, వాటిని ఇంతవరకు ఏ జడ్జీ చదవలేదని నాకు తెలుసు. ఈ ఒక్క పేజీ చదవండి. ల్యూథర్ పీక్."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత పొగరు. బొమ్మ పెట్టే వారం చూసుకుని మరీ రాశాడు. ఇలాంటి ఉత్తరాలు ఆమె వేలల్లో చూసింది. ప్రతి ఖైదీకీ ఏదో ఒక పేజీ ఉంటుంది. గడువు దాటినవాడికి గడువు తప్ప మిగతావన్నీ అన్యాయంగానే కనిపిస్తాయి. ఆ మాటలే వెండెల్‌తో అనాలని పిలిచింది. వెండెల్ ట్రాస్క్ ఆమె దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉన్న శాశ్వత క్లర్కు, యాభై నాలుగేళ్ళ నెమ్మదస్తుడు.

"ఈ పెద్దమనిషి ఫైలు తీయించు. ఆ నలభై ఒకటో పేజీ ఏమిటో చూసి, జవాబు ఒక లైనులో రాసి పంపు. రెండు లైన్లయితే ఊరుకోను."

వెండెల్ ఒక గంట తరవాత వచ్చాడు. ఒక లైనూ రాయలేదు. ఫైలు ఆమె ముందు తెరిచి పెట్టి, కూర్చోమనకుండానే కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళలో అతను అలా కూర్చోవడం అదే మొదలు.

నలభై ఒకటో పేజీలో నాలుగే వాక్యాలున్నాయి. "2005 ఫిబ్రవరి 12 ఉదయం ఎనిమిదిన్నరకి ఈ కవరు నా చేత్తో డ్యూటీలో ఉన్న గార్డుకి ఇచ్చాను. స్టాంపులు అతికించి ఉన్నాయి. నాకు గడువు 17 వరకు ఉంది. ఇది అబద్ధమైతే శిక్షకు సిద్ధం." కింద పీక్ సంతకం, పక్కన గార్డు పొడి అక్షరాలు.

ఖైదీ పోస్టాఫీసుకి నడిచి వెళ్ళలేడు. అందుకని కవరు అతని చేతిలోంచి గార్డు చేతిలోకి వెళ్ళిన రోజే కోర్టులో పడిన రోజుగా లెక్కపెట్టాలి. ఇది గూఢమైన చట్టమేమీ కాదు, లా కాలేజీ పిల్లలకి కూడా తెలుసు. గార్డు చేతికి వెళ్ళింది పన్నెండున. గడువు పదిహేడు. అంటే అయిదు రోజులు ముందే ఇచ్చాడు. జైలు తపాలా గదిలో ఆ కవరు రెండు వారాలు పడి ఉండి, ఫిబ్రవరి 26న కోర్టు ముద్ర వేయించుకుంది. ఆమె ఉత్తర్వు ఆ ముద్ర చూసి లెక్కగట్టింది. రెండున్నర పేజీలు. "తొమ్మిది రోజులు ఆలస్యం. కొట్టివేయడమైనది." కింద ఆమె సంతకం, తేదీ 2005 సెప్టెంబరు 30.

తేదీ చూడగానే ఆమెకు అంతా అర్థమైంది. అర్థం కానట్టు కూర్చుంది.

ఆమె కార్యాలయంలో సెప్టెంబరు చివరి వారాన్ని కోతల వారం అనేవారు. గోడ మీద పలక, దాని మీద మిగిలిన దరఖాస్తుల సంఖ్య, ఒక్కొక్కటి తెగినప్పుడల్లా ఓపల్ గంట వాయించడం, పీజాలు తెప్పించడం. కొత్త క్లర్కులకి అదొక పండగ. పీక్ అర్జీ ఆలస్యమైందని, కొట్టేయమని రాష్ట్రం లాయర్లు మార్చి మొదట్లో దరఖాస్తు పెట్టారు. సెప్టెంబరు ముప్ఫై దాటితే అది ఆమె పేరు మీద జాబితాకెక్కేది.

"పైకోర్టుకి వెళ్ళాడా?" అని అడిగింది.

"వెళ్ళాడండీ. ఒక లైనులో తిప్పి పంపారు. మీరు చూసి ఉంటారనుకున్నారు."

"లోపల నలభై పేజీల్లో ఏముంది?"

"తొంభై తొమ్మిదిలో ధాన్యం గోదాములో దోపిడీ, కాపలావాణ్ణి కాల్చారు. ఇతనే కాల్చాడని ఒకే ఒక్క సాక్షి. ఆ సాక్షి పోలీసులకి మొదటిరోజు ఇంకొకడి పేరు చెప్పాడట. ఆ కాగితాన్ని ఇతని లాయరుకి ఇవ్వలేదట. నిజమో కాదో నాకు తెలీదండీ. ఎవరూ విచారించలేదు. గడువు దాటిందన్నాక లోపలికి ఎవరు చూస్తారు? నలభై అయిదేళ్ళ శిక్ష పడింది."

"ఆ ఉత్తర్వు కొట్టేస్తాను. ఇవ్వాళే."

వెండెల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కుదరదండీ. తీర్పులో పొరపాటుందంటే ఏడాదిలోగా అడగాలి. పదకొండేళ్ళయింది."

"పొరపాటు నాదయినా?"

"ఎవరిదైనా. పొరపాటుకి కూడా గడువుంది. మీరే ఒకసారి తీర్పిచ్చారు ఆ విషయం మీద, పుస్తకాల్లో కూడా వచ్చింది."

ఆమె బల్ల మీది పెన్ను స్టాండు తీసి చెత్తబుట్టలోకి విసిరికొట్టింది. వెండెల్ లేచి దాన్ని తీసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"ఇంకో తలుపుందండీ," అన్నాడు. "అసాధారణమైన కారణం ఉంటే ఎన్నేళ్ళకైనా తెరవచ్చు. కానీ ఉత్త పొరపాటు దానికి చాలదు. జడ్జి చదివి, లెక్క తప్పితే అది పొరపాటే."

"చదవకుండా సంతకం పెడితే?"

వెండెల్ ఫైలు మూశాడు. "అది చాలుతుందేమో. కానీ ఆ మాట ఏ జడ్జీ చెప్పలేదండీ ఇంతవరకు. చెప్పనంతకాలం మీరు చదివినట్టే లెక్క. శుక్రవారం దాటనివ్వండి. నెమ్మదిగా చూద్దాం. పదకొండేళ్ళు ఉన్నవాడు ఇంకో వారం ఉండలేడా?"

ఎద్దు పుండు కాకికి నొప్పా అని అంటారే, ఆ మాట అక్షరాలా తన గదిలో, తన మనిషి నోట వినిపించింది ఆమెకు. అతను చెడ్డవాడు కాదు. ఆమె నేర్పిన పాఠమే అప్పజెప్పాడు.

తప్పు తనదే అని ఒప్పుకోవడానికి ముందు మనిషి ఇంకొకరి కోసం వెతుకుతాడు. ఆమె కూడా వెతికింది. ఆ ఉత్తర్వు ముసాయిదా రాసింది గ్రాంట్ ల్యాండ్రీ అనే క్లర్కు. ఇప్పుడు రాజధానిలో పెద్ద లాయరు, బొమ్మ కమిటీకి అధ్యక్షుడు కూడా అతనే. ఫోను తీసింది. వీణ్ణి నిలువునా కడిగేయాలి.

"జడ్జిగారూ! శుక్రవారం నలభై ఇద్దరం వస్తున్నాం. కేకు మీద..."

"ల్యూథర్ పీక్ అనే పేరు గుర్తుందా నీకు?"

"గుర్తుందండీ," అన్నాడు.

అంత తొందరగా గుర్తుకు రావడమే ఆమెకు నచ్చలేదు. "నలభై ఒక్క పేజీల అర్జీలో నలభై ఒకటో పేజీ తిప్పడానికి నీకు చేతులు రాలేదా? పీజా తినడానికి వచ్చాయి కదా? నీ వల్ల ఒక మనిషి..."

"నేను మీ గదికొచ్చి చెప్పానండీ." గొంతు నెమ్మదిగానే ఉంది, కానీ ఆగలేదు. "ఖైదీ అర్జీ ఒకటుంది, పూర్తిగా చూడలేదు, గార్డుకి ఎప్పుడిచ్చాడో ఎక్కడైనా రాశాడేమో, రేపు పొద్దున దాకా టైమివ్వండి అన్నాను. మీరు తలెత్తకుండా 'రేపు అక్టోబరు' అన్నారు. చెయ్యి చాపారు. కాగితం ఇచ్చాను."

"నాకు గుర్తు లేదు."

"మీకెలా గుర్తుంటుందండీ? ఆ రోజు ముప్ఫై ఒకటి పెట్టారు సంతకాలు."

"నువ్వు నోరు మూసుకుని ఎందుకున్నావు తరవాత?"

"ఇరవై ఆరేళ్ళవాణ్ణి. మీరంటే భయం. బయటికొచ్చాక మీ సిఫార్సు ఉత్తరం మీదే నాకు ఉద్యోగాలొచ్చాయి. ఇంకేం చెప్పమంటారు?" మళ్ళీ తనే, "ఇప్పుడు దీన్ని కెలికితే నా పేరు కూడా వస్తుందా?" అన్నాడు.

"రాదు. సంతకం నాది," అని ఫోను పెట్టేసింది.

రెండే మాటలు. రేపు అక్టోబరు. నిజంగానే ఆమెకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా ఆ పొద్దు, ఆ కుర్రాడి మొహం, ఆ కాగితం రాలేదు. ఒక మనిషి బతుకుకి తలుపేసి గొళ్ళెం పెట్టి, ఆ పని చేసినట్టు కూడా తెలియకుండా పదకొండేళ్ళు హాయిగా తిన్నది. తన మీద తనకి పుట్టిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియక లేచి వరండా దాటి ఎల్డన్ గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళింది.

ఎల్డన్ స్టౌట్ చేపల డబ్బా పక్కకు జరిపి మొత్తం విన్నాడు. ఎప్పటిలాగే మధ్యలో ఒక్క మాట అనలేదు. అదీ కోపమే తెప్పించింది ఆమెకు.

"నాకు పంపు," అన్నాడు చివరికి. "నీ తప్పుని నువ్వు విచారించకూడదు. ఇక్కడున్నది మనిద్దరమే."

"నీకు పంపితే ఎప్పటికి తేలుస్తావు? వచ్చే ఎన్నికల నాటికా, ఆ పై ఎన్నికల నాటికా?"

"ఎంత పడితే అంత."

"అతనికి యాభై ఎనిమిదేళ్ళు, ఎల్డన్. నువ్వు చేపలు తింటూ నెలకో పేజీ తిప్పుతూ కూర్చుంటే..."

"కూర్చో థియో."

"కూర్చోను. నిదానమే ప్రధానం అని నువ్వు నాకు నీతులు చెబుతావు, నేను పడతాను, అదేగా నీ సరదా? చెప్పు మరి. ఇరవై ఏళ్ళ బాకీ తీర్చుకో."

ఎల్డన్ నవ్వలేదు. "నేను నీతులు చెప్పను. నాలుగేళ్ళ క్రితం ఒకావిడ, వికలాంగుల పింఛను కేసు. రెండేళ్ళు నా బల్ల మీద ఉంది. ప్రతి కాగితం చదివాను. ఆవిడకి అనుకూలంగా తీర్పు రాశాను, చాలా మంచి తీర్పు. పంపిస్తే కవరు తిరిగొచ్చింది. పోయి ఆరు నెలలయిందట. నువ్వు చదవకుండా చంపుతావు, నేను చదువుతూ చంపుతాను. నన్ను సాధువుని చెయ్యకు." బిస్కెట్ల పొట్లం ఆమె వైపు జరిపాడు. "కానీ నువ్వు ఏం చేశావో నువ్వే చెప్పాలి. రాసిస్తే చాలదు. రాష్ట్రం లాయరు ఊరుకోడు. సాక్షి కుర్చీలో కూర్చుని చెప్పాలి. ప్రమాణం చేసి."

ఆమె బిస్కెట్టు తీసుకోలేదు. కానీ కూర్చుంది.

మంగళవారం పొద్దున ఆమె తన ప్రకటన దాఖలు చేసింది. పేజీన్నర. పొరపాటు అన్న మాట అందులో ఎక్కడా లేదు. అర్జీ తెరవలేదని, జాబితాలో పేరు పడకూడదని సంతకం పెట్టానని కుండబద్దలు కొట్టింది. మధ్యాహ్నానికి పేపరువాళ్ళు వచ్చారు. సాయంత్రానికి బొమ్మ కమిటీ "అనివార్య కారణాల వల్ల" ఆవిష్కరణ వాయిదా వేసింది. నలభై ఇద్దరిలో ముగ్గురు ఫోను చేశారు. ఇద్దరు ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు, అంటే మతి ఎలా ఉందని. మూడో మనిషి ఏడ్చింది. పెద్దపట్నంలోని చీఫ్ జడ్జి నుంచి తియ్యటి ఉత్తరం వచ్చింది. ఇలాంటి ప్రకటనల వల్ల ఆ రోజు సంతకం పెట్టిన మిగతా ముప్ఫై ఉత్తర్వుల మీద కూడా అనవసరమైన అనుమానాలు తలెత్తుతాయని, న్యాయవ్యవస్థ పట్ల ప్రజల విశ్వాసం దృష్ట్యా పునరాలోచించమని.

"అనుమానాలు తలెత్తుతాయట," అని ఆమె ఉత్తరం ఓపల్ మొహం ముందు ఊపింది. "ముప్ఫై మంది మనుషులు ఏమయ్యారన్నది కాదు ఈయన బెంగ. అనుమానం తల ఎత్తుతుందని. ఆ ముప్ఫై ఫైళ్ళూ తెప్పించు."

"పాత కాగితాల గోడౌన్లో ఉంటాయండీ. మూడు వారాలు పడుతుంది."

"అయితే ఇప్పుడే అడుగు. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?"

"గంట నేనే వాయించాను కదండీ," అంది ఓపల్. "ప్రతి సంవత్సరం. దాని గురించే ఆలోచిస్తున్నాను." తిరిగి వెళ్ళి ఫోను తీసింది.

విచారణ ఎల్డన్ స్టౌట్ కోర్టు హాల్లో నవంబరు రెండో వారంలో జరిగింది. ఆయన లెక్కన అది మెరుపు వేగం. హాలు నిండిపోయింది. జడ్జి ప్రూయిట్ నల్లగౌను లేకుండా, బూడిదరంగు సూటులో వచ్చి, జీవితంలో మొదటిసారి సాక్షి కుర్చీ ఎక్కింది. అక్కడి నుంచి జడ్జి బల్ల ఎంత ఎత్తుగా కనిపిస్తుందో ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఎదురుగా ల్యూథర్ పీక్. పొట్టి మనిషి, బట్టతల, కాళ్ళకి గొలుసు. పక్కన ఎల్డన్ నియమించిన లాయరు. పీక్ ఆమె వైపు చూస్తున్నాడు, కానీ చూపులో ఏముందో ఆమెకు తెలియలేదు.

రాష్ట్రం తరఫు లాయరు హోలిస్ సంస్కారవంతుడు. అలాంటివాళ్ళతోనే చిక్కు. "గౌరవనీయులైన జడ్జి ప్రూయిట్ గారు తమ మీద తాము అతి కఠినంగా ఉన్నారని మా మనవి. పదకొండేళ్ళ కిందటి సంగతి. ఆ రోజు గుర్తు లేదని ఆవిడే రాశారు. గుర్తు లేనప్పుడు చదవలేదని ఎలా చెప్పగలరు? సంతకం పెట్టిన జడ్జి చదివి పెట్టినట్టే చట్టం భావిస్తుంది. ఈ కోర్టులన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి."

ఆయన ఆమెకు దారి చూపిస్తున్నాడు. అందులో దురుద్దేశం కూడా లేదు. "ఏమో, చదివానేమో" అంటే చాలు. అబద్ధం కూడా కాదది. బొమ్మ గోడకెక్కుతుంది, చీఫ్ జడ్జి పువ్వులు పంపుతాడు, గొలుసు వేసుకున్నాయన గ్రీన్ రిడ్జ్‌కి తిరిగి వెళ్ళిపోతాడు.

"మిస్టర్ హోలిస్," అంది. ఆ గొంతు వినగానే వెనక బెంచీల్లో లాయర్లు అలవాటు కొద్దీ నిటారుగా కూర్చున్నారు. "ఆ రోజు ముప్ఫై ఒక్క ఉత్తర్వుల మీద సంతకాలు పెట్టాను. మా రిజిస్టరులో టైములున్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర లోపల పంతొమ్మిది. మిస్టర్ పీక్‌ది అందులో పదమూడోది. దానికీ ముందుదానికీ మధ్య రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో నేను నలభై ఒక్క పేజీలు చదివానని చట్టం భావిస్తే, చట్టానికి బుద్ధి లేదు. నా క్లర్కు టైము అడిగాడు, నేను ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో కూడా చెబుతాను. అక్టోబరు వస్తే నా పేరు అచ్చులో పడుతుంది. అంతకు మించి కారణమేమీ లేదు. మీరు నాకు మర్యాద చేస్తున్నారు. దయచేసి చెయ్యకండి. ఆ మర్యాదకి మూల్యం చెల్లించేది ఆ బల్ల దగ్గరున్నాయన."

హోలిస్ కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

ఎల్డన్ చాలాసేపు రాసుకున్నాడు. ఆయన రాసుకుంటుంటే ఎవరూ దగ్గలేదు. తరవాత తలెత్తి, తానింతవరకు ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. అక్కడికక్కడే తీర్పు చెప్పాడు.

"ఇది పొరపాటు కాదు. చదవకపోవడాన్ని తీర్పు అనలేం. 2005 ఉత్తర్వు రద్దు చేస్తున్నాను. అర్జీ గడువు లోపలే దాఖలైంది. నలభై పేజీలూ ఈ కోర్టు చదువుతుంది, రాష్ట్రం వాటికి జవాబివ్వాలి." పీక్ వైపు తిరిగాడు. "మీరు గెలిచింది ఈ ఒక్క మెట్టే, మిస్టర్ పీక్. లోపల ఏముందో నాకు ఇంకా తెలీదు. సాక్షి దిగేముందు మీ లాయరు గారు ఏమైనా అడుగుతారా?"

లాయరు లేవబోయాడు. పీక్ అతని చెయ్యి పట్టుకుని ఆపి, తనే లేచాడు. గొలుసు చప్పుడైంది.

"నేనొకటి అడగొచ్చాండీ?"

"అడగండి."

పీక్ ఆమె వైపు తిరిగాడు. "నా మీద మీకు కోపమేదైనా ఉండిందా అమ్మగారూ, అప్పట్లో?"

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. "కోపమా?"

"పదకొండేళ్ళు నేను అదే అనుకున్నానండీ. ఈవిడకి నా మీద ఏదో కోపముంది. నా నేరం చూసి మండిపడిందో, నా చేతిరాత చూసి చిరాకు పడిందో, నేను రాసిందేదైనా తప్పుగా తగిలిందో అని. సెల్లులో కూర్చుని మీతో పోట్లాడేవాణ్ణి. ఆ నలభై పేజీలు నాకు కంఠతా వచ్చు, ఏ వాక్యం దగ్గర మీకు కోపమొచ్చి ఉంటుందా అని ఒక్కొక్కటే వెతుక్కునేవాణ్ణి. మా అమ్మ పోయినప్పుడు కూడా అదే వెతికాను. అందుకని అడుగుతున్నా. ఉండిందా?"

"లేదు, మిస్టర్ పీక్. మీరెవరో కూడా నాకు తెలీదు."

పీక్ తలాడించాడు.

"ఉండుంటే బాగుండేదండీ," అన్నాడు. "కోపముంటే కనీసం చదివేవారు."

గార్డు కుర్చీ ముందుకు జరిపాడు, పీక్ కూర్చున్నాడు. సాక్షి దిగవచ్చని ఎల్డన్ అన్నాడు. ఆమె కదల్లేదు. ఆయన మళ్ళీ అనవలసి వచ్చింది.